బావ పెంచిన జిగురాకు

మోటారు షెడ్డు నుంచి

బావమరిదికి,

పొద్దున్నించీ ఒకటే వాన. రెండు మోటార్లు విప్పాను. ఒకదాంట్లో వైండింగు మాడిపోయి ఉంది. రెండోదాంట్లో ఎలక కాపురం పెట్టింది. పిల్లల్ని ఒక్కొక్కటిగా బయటపెట్టి, వాటి తల్లికి సర్దిచెప్పి, రాగి తీగ చుట్టడం మొదలుపెట్టేసరికి కరెంటు పోయింది. అందుకని ఈ ఉత్తరం. కరెంటు ఉంటే రాసేవాణ్ణి కాదు, ఇంకో రకంగా అనుకోకు.

మీ అక్క అక్కడికి చేరే ఉంటుంది. చేరిందని నువ్వు రాయలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు. నీ దుకాణంలో ఫోను ఉంది గానీ ఇప్పుడు దాన్ని ఎత్తేది మీ అక్కే అయి ఉంటుంది. ఉత్తరమే నయం.

జరిగింది నీకు ఒక వైపు నుంచే తెలిసి ఉంటుంది. రెండో వైపు ఇది. చెల్లెమ్మ కాలు విరిగిందని మీ అక్క నీ దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు, ఆవిడ నారు పోసుకునే షెడ్డు ఖాళీ చేయించి నా మోటార్లు అందులో పెట్టుకున్నాను. వానలొస్తున్నాయి, వసారాలో ఉంటే మోటార్లు తడుస్తాయి. ఇనుముకి తుప్పు పడుతుంది, మొక్కకి పట్టదు కదా. నారు ట్రేలు పెరట్లో ఆరుబయట పెట్టించాను. మొక్కలన్నాక ఎండలో ఉండవా అనుకున్నాను. తను లేని ఆ రెండు రోజులూ వాన రాలేదు, ఎండే కాసింది. టమాటా, వంగ, మిరప నారు అంతా ఉడకబెట్టిన ఆకుకూరలా వాలిపోయింది.

మీ అక్క బస్సు దిగి వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి చూసింది. అరవలేదు. అరిస్తే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. చేతిలో సంచి కింద పెట్టకుండానే వెనక్కి తిరిగింది. తను దిగిన బస్సు చివరి స్టాపు దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి అదే బస్సు ఎక్కేసింది. వెళ్తూ వెళ్తూ, "కిటికీలో ఆ కుండీ ఒక్కటే మిగిలింది. దాన్నయినా చంపకండి" అంది.

ఇంతకీ ఆ కుండీలో ఉన్నదేమిటి? మూకుడంత వెడల్పు కుండీ. మొక్క అరచెయ్యంత ఉంది. కొమ్మ లేదు, రెమ్మ లేదు, లేత పచ్చటి ఆకులన్నీ నేలకి అంటుకుని గుండ్రంగా పరుచుకున్నాయి. వాటి మీద సన్నటి జిగురు. మోటారు గ్రీజు చిందిందేమోనని కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. మర్నాటికి మళ్ళీ జిగురే. మళ్ళీ తుడిచాను. నల్ల నుసుము పురుగులు అంటుకుని చచ్చి ఉన్నాయి, వాటినీ ఏరేశాను. శుభ్రంగా ఉంచుతున్నానని చెప్పు. ఇంకా ఎన్నాళ్ళు తుడవాలో అడిగి రాయి.

మీ బావ

*

కుట్టు దుకాణం నుంచి

బావగారికి,

ఇక్కడా ముసురే. తడిసిన గుడ్డ ఆరదు. ఆరని గుడ్డకి ఇస్త్రీ పట్టదు. ఇస్త్రీ పట్టని చొక్కా చేతికిస్తే గిరాకీ మొహం చిట్లిస్తాడు. మీ ఉత్తరం చదివాక నేనూ అదే పని చేశాను.

అక్క క్షేమం. మీరు అడగలేదు కాబట్టి నేనూ చెప్పడం లేదు, ఊరికే రాశాను.

మీకు తెలియాల్సింది ఇంకొకటుంది. అక్క వచ్చిన మర్నాడే నేను గుడ్డ కత్తిరించుకునే బల్ల మీద తడి ఇసుక ట్రేలు పరిచి విత్తనాలు చల్లింది. ఊరికే కూర్చోవడం తన వల్ల కాదట. నేను నేల మీద చాప వేసుకుని మోకాళ్ళ మీద పాకుతూ కత్తిరిస్తున్నాను. నిన్న ఒకాయన ప్యాంటు ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు వచ్చింది. "మీ ఆవిడకి కాలు విరిగిందని నాక్కూడా అవిటి కాలు కుట్టాలా?" అని అడిగాడు. నేనేం చెప్పను? మా బావ తన మోటార్లని నారు షెడ్డులో పడుకోబెట్టాడు, ఆ పాపం మీ ప్యాంటుకి తగిలింది అని చెప్పనా?

షెడ్డు ఎప్పుడు ఖాళీ చేస్తున్నారు? తిరుగు టపాలో అది రాయండి చాలు.

ఇక మొక్క సంగతి. ఆ ముక్క వరకు అక్కకి చదివి వినిపించాను. కిరసనాయిలు అనగానే స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ జిగురే దాని నోరు. రోజూ నోరు తుడిచేస్తుంటే ఏం తిని బతుకుతుంది?" అంది. దాన్ని పుస్తకాల్లో బటర్‌వర్ట్ అంటారట. ఆకు మీద వెన్న రాసినట్టుంటుందని ఆ పేరు. అక్క మాత్రం జిగురాకు అంటుంది. కాలేజీ తోటలో పనిచేసే ఒకావిడ ఇచ్చిన ఒకే ఒక్క ఆకుని తడి ఇసుక మీద పెట్టి, దాన్నుంచి మొక్కని తెప్పించిందట. నారు మీద ముసిరే నుసుముల్ని పట్టి తినేది అదే. షెడ్డు కిటికీలో పెట్టింది అందుకే, అందానికి కాదు.

అక్క చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "తుడవొద్దను. ఎరువు వెయ్యొద్దను, దానికి పేద మట్టే కావాలి. బోరు నీళ్ళు పొయ్యొద్దను, వాటిలో ఉప్పుంటుంది, అది దాని వేళ్ళు కాల్చేస్తుంది. వాన నీళ్ళు పట్టి కింద పళ్ళెంలో పొయ్యమను, నెత్తిన కాదు. వెలుతురు బాగా తగలాలి, మిట్టమధ్యాహ్నపు ఎండ తగలకూడదు. తిండి పెట్టొద్దను. అదే తెచ్చుకుంటుంది."

"బావకేమన్నా చెప్పమంటావా?" అన్నాను.

"చెప్పాను కదా" అంది.

మీ బావమరిది

*

మోటారు షెడ్డు, కిటికీ పక్క నుంచి

బావమరిది గారికి,

నువ్వు గారు తగిలించావు, నేనూ తగిలించాను. చెల్లుకి చెల్లు.

వానలు వెనక్కి పోయాయి. పొద్దున పూట స్పానరు పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చేలల్లో నీళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి ఎవరూ మోటారు వెయ్యడం లేదు, వెయ్యడం లేదు కాబట్టి కాలిపోవడం లేదు. పని పలచగానే ఉంది.

నీ ఉత్తరం ఒక వారం ముందు వచ్చి ఉంటే బాగుండేది. అప్పటికే రెండు దోసిళ్ళు పశువుల ఎరువు వేసేశాను. ఎరువు వద్దన్న మొక్కని నేనింతవరకు చూడలేదు. నీ ఉత్తరం చూశాక చెంచాతో తవ్వి తీసేశాను, తీసినంత. బోరు నీళ్ళు కూడా పోశాను. మాంసం తినే మొక్క అని పక్కింటి మేస్త్రీ చెప్తే ఉడకబెట్టిన గుడ్డు ముక్క ఒకటి ఆకు మీద పెట్టాను. ఆకు నల్లబడి కుళ్ళింది. మేస్త్రీ తనకి ఇల్లు కట్టడమే వచ్చునని ఇప్పుడంటున్నాడు.

వెలుతురు కావాలన్నావు. పాత పంపుల ర్యాకు కిటికీకి అడ్డంగా ఉంది. దాన్ని వసారాలోకి మార్పించాను. ఇది మొక్క కోసం చేసింది. షెడ్డు ఖాళీ చెయ్యడం వేరు, ర్యాకు జరపడం వేరు. ఆ తేడా మీ అక్కకి అర్థమయ్యేలా చెప్పు. నీకు ముందు అర్థమైతే.

ఇప్పుడు పెద్దాకులు ఒక్కొక్కటే చుట్టూ వాడిపోతున్నాయి. జిగురు కూడా తగ్గింది. ఏం చెయ్యాలో అడిగి వెంటనే రాయి.

మీ బావ

*

మోటారు షెడ్డు నుంచి

బావమరిదీ,

మంచు దట్టంగా పడుతోంది. పని లేదు. నీ జవాబు కోసం చూసి చూసి విసిగిపోయాను.

పెద్దాకులన్నీ ఎండిపోయాయి. నడుమ చొక్కా బొత్తామంత గట్టి ముద్ద ఒకటి మిగిలింది. జిగురు లేదు, మెరుపు లేదు. వేలితో ముట్టుకుంటే పొడిగా ఉంది. పూర్తిగా మాడిన మోటారులో తీగంతా కరిగి చివరికి అలాంటి ముద్దే మిగులుతుంది. దాన్ని దాచుకుని లాభం లేదని నా అనుభవం. కుండీతో సహా చెత్త బండికి ఇచ్చేశాను.

మీ అక్కకి చెప్పకు. దాన్నయినా చంపకండి అని ఒక్క మాట అడిగి వెళ్ళింది. ఇది తెలిస్తే ఇంక రాదు. రావాలని నేనేం కూర్చోలేదు. ఊరికే, చెప్పకు.

మీ బావ

*

కుట్టు దుకాణం నుంచి

బావా,

ఇక్కడ చలి. కుట్టు మిషను కూడా పొద్దున్నే తిరగనంటోంది, నూనె వేసి బతిమాలాలి.

నీ ముందు ఉత్తరానికి జవాబు అప్పుడే రాశాను. పోస్టు చెయ్యమని మీ చెల్లెలికి ఇచ్చాను. ఆవిడ కట్టు విప్పిన సంబరంలో దాన్ని సంచిలో వేసుకుని ఊరంతా నడిచి, అలాగే ఇంటికి తెచ్చింది. నిన్న సంచి దులిపితే పడింది. అందులో అక్క చెప్పిన మాటలు ఇవి, చదువుకో.

"చలికాలం అది ముడుచుకుంటుంది. పెద్దాకులు ఎండిపోతాయి. నడుమ బొత్తాంలా చిన్నాకులు గట్టిగా దగ్గరికొస్తాయి. జిగురుండదు. అది పడుకోవడం, చావడం కాదు. కంగారుపడి నీళ్ళు పొయ్యొద్దను. మట్టి కాస్త పొడిగానే ఉండనీ. ఎండలు మొదలైతే అదే విచ్చుకుంటుంది. ముఖ్యంగా పారెయ్యొద్దను. తెలియనివాళ్ళు అప్పుడే పారేస్తారు."

బొత్తాం అని అక్క అన్న మాటే నువ్వూ రాశావు బావా. అంత బాగా గుర్తుపట్టి పారేసినవాడు ఇంకొకడు ఉండడు.

నీ తర్వాతి ఉత్తరం వచ్చినప్పుడు అక్క ఎదురుగానే ఉంది. చదివి, కత్తిరించిన గుడ్డల కింద తోసేశాను.

"ఏమంటాడు?" అంది.

"మొక్క ముడుచుకుందట" అన్నాను.

"అయితే బతికే ఉంది" అంది. ఆ పూట కంచంలో మారు వడ్డించుకుంది. ఇక్కడికి వచ్చాక అది మొదటిసారి.

ఇప్పుడు నేను నిజం చెప్పలేను, నువ్వు అబద్ధం నిలబెట్టక తప్పదు. అలాంటిదే ఇంకొకటి ఎక్కడన్నా సంపాదించు. ఎండలు వచ్చేలోపు కిటికీలో ఒక జిగురాకు ఉండాలి. నీ కాపురం కోసం అడగడం లేదు. నా బల్ల కోసం అడుగుతున్నాను.

నీ బావమరిది

*

మోటారు షెడ్డు, కిటికీ పక్క నుంచి

బావమరిదీ,

మంచు విడిచింది, ఎండ పలచగా కాస్తోంది. ఒక రైతు మోటారు తెచ్చి ఇది పాడవలేదు, తన మీద అలిగిందన్నాడు. చూస్తే అంతే, తీగ ఒకటి ఊడింది. బిగించి పంపాను.

మొక్క దొరికింది. సంత వీధిలో మొక్కల బండివాడి దగ్గర.

"జిగురాకు ఉందా?" అన్నాను.

"లేకేం" అన్నాడు.

"మరి జిగురేది?"

"చలికాలం కదండీ, జిగురు ఎండల్లో వస్తుంది."

నేను చెప్పకముందే వాడే చెప్పాడు! అంటే విషయం తెలిసినవాడే. తెచ్చి పెట్టాను. పాతదానికన్నా పుష్టిగా ఉంది. ఆకులు దళసరిగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, చెక్కిన రాతి పువ్వులా ఉన్నాయి. బొత్తాం కాదు, చిన్న క్యాబేజీ అంత. మీ అక్క వచ్చి చూస్తే నా పెంపకం అనుకుంటుంది.

ఈసారి ఏ పొరపాటూ చెయ్యదల్చుకోలేదు. వైండింగుకి వార్నీషు కాల్చే పొయ్యి షెడ్డులో ఉండేది, దాని మసి ఆకుల మీద పడుతోంది. పొయ్యి పెరట్లోకి మార్చాను. గ్రైండరు పెడితే ఇనుప రజను ఎగిరి కుండీలో పడుతోంది. దాన్ని కూడా బయటపెట్టాను. ఇవన్నీ మొక్క కోసమే.

ఒక సందేహం. వానలు లేవు, వాన నీళ్ళు అయిపోయాయి. లారీ బ్యాటరీలో పోసే నీళ్ళు నా దగ్గర డబ్బాలకొద్దీ ఉన్నాయి. వాటిలో ఉప్పు ఉండదు, ఏమీ ఉండదు, అందుకే బ్యాటరీలో పోస్తాం. అవి పోస్తే తప్పా? ఇప్పటికే వాటినే చెంచాడు చెంచాడు పోస్తున్నాను. నా మాటగా కాకుండా నీ మాటగా అడుగు.

మీ బావ

*

కుట్టు దుకాణం నుంచి

బావా,

చలి తగ్గింది. పెళ్ళిళ్ళ కుట్టు అయిపోయింది, కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాం.

బ్యాటరీ నీళ్ళ సంగతి నా మాటగా అడిగాను. "నీకెందుకొచ్చింది ఆ ఊహ? నీకు బ్యాటరీ లేదు, మొక్క లేదు" అంది. నువ్వేనని చెప్పాల్సి వచ్చింది. "అవి మంచి నీళ్ళే. ఎవరు చెప్పారట?" అంది. ఎవరూ చెప్పలేదు, తనకే తోచిందట అన్నాను. "ఊఁ" అంది. మా అక్క ఊఁ అంటే ఎంతో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఆకు నొక్కితే ఎలా ఉంది అని అడిగింది. గట్టిగా, దళసరిగా ఉందట అన్నాను. చలికాలంలో అలాగే ఉంటుంది అంది. మనం గట్టెక్కినట్టే.

ఇక్కడి సంగతులు. నా బల్ల నాకు వచ్చేసింది. అక్క ట్రేలన్నీ డాబా మీదకి మార్చి, పాత చీరలతో నీడ కట్టింది. వీధిలో అందరూ మిరప నారు కోసం మా గుమ్మంలోనే. నారు కోసం వచ్చినవాళ్ళు చొక్కా గుడ్డ కూడా ఇచ్చి పోతున్నారు. ఖాళీ ఉన్నప్పుడు అక్క కాజాలు కుడుతోంది. నేను కుట్టిన కాజాలో బొత్తాం దూరాలంటే బతిమాలాలి, అక్క కుట్టినదాంట్లో అదే జారి కూర్చుంటుంది. మీ చెల్లెలు వదిన లేకుండా ముద్ద ముట్టడం లేదు. నామీద చాడీలు చెప్పుకోవడానికి మనిషి దొరికింది కదా.

కాబట్టి తొందరేం లేదు బావా. మొక్కని బాగా కోలుకోనీ.

నీ బావమరిది

*

వసారా నుంచి

బావమరిదీ,

ఎండలు ముదిరాయి. చేలన్నీ మోటార్ల మీదే బతుకుతున్నాయి కాబట్టి రోజుకో మోటారు మాడుతోంది. వసారాలో కూర్చుని తీగ చుడుతున్నాను. చెమట కంట్లో పడి చుట్లు లెక్క తప్పుతున్నాయి, మళ్ళీ విప్పి మళ్ళీ చుడుతున్నాను.

వసారా ఏమిటని అడుగుతావు. షెడ్డులో ఇప్పుడు మోటారు ఒక్కటీ లేదు. మొక్క కిటికీ వైపుకి మెడ సాచుతోంది, వెలుతురు చాలడం లేదనిపించింది. ఒక్కొక్కటే తీసి బయటపెడుతూ వచ్చాను, చివరికి ఏమీ మిగల్లేదు. నేల మీద గ్రీజు సోడా వేసి కడిగాను. చెక్క ర్యాకులు మేస్త్రీ సాయంతో మళ్ళీ బిగించాను. నారు ట్రేలు కడిగి బోర్లించాను. మోటార్లకి పట్టా కప్పాను. వానలకి తుప్పు పడితే పడుతుంది, గీకుతాను.

ఇది మీ అక్కకి చెప్పు. నేను చెప్పమన్నానని చెప్పకు. ఎవరో ఈ వైపు నుంచి వచ్చినవాళ్ళు చెప్పారని చెప్పు.

మొక్క అద్భుతంగా ఉంది. జానెడు ఎత్తు పెరిగింది. జిగురు మాత్రం ఇంకా రాలేదు. నుసుములు వచ్చి దాని మీద వాలి, కాసేపు కూర్చుని వెళ్ళిపోతున్నాయి.

మీ బావ

*

కుట్టు దుకాణం నుంచి

బావా,

ఇక్కడ ఎండకి రేకుల కింద కూర్చోలేకపోతున్నాం. అయినా కూర్చుంటున్నాం. బళ్ళు తెరిచేలోపు యూనిఫాంలు ఇవ్వాలి. మూడు బళ్ళు ఈసారి నాకే ఇచ్చాయి. దుకాణంలో తెల్ల చొక్కాలు గోడ ఎత్తున పేరుకుపోయాయి. కాజాలన్నీ అక్క మీదే పడ్డాయి.

షెడ్డు సంగతి తప్పకుండా చెప్తాను. ఇలాంటివి సమయం చూసి చెప్పాలి. తొందరపడి చెప్తే ఏదో ఆశ పెట్టి రప్పిస్తున్నారనుకుంటుంది. మా అక్క సంగతి నీకు తెలియంది కాదు. పైగా దారిలో రోడ్డంతా తవ్వేశారట, బస్సులు చుట్టు తిరిగి వెళ్తున్నాయట. ఈ ఎండల్లో అంత ప్రయాణం ఎందుకు? బళ్ళు తెరవనీ, వానలు పడనీ.

జానెడు పెరిగిన సంగతి మాత్రం వెంటనే చెప్పాను. అది దాచుకోవలసిన వార్త కాదు కదా.

"జానెడా?" అంది.

"జానెడే" అన్నాను.

సూది ఆపింది. "వెడల్పా, ఎత్తా?"

"ఎత్తేనట."

"జిగురొచ్చిందా?"

"ఇంకా లేదట."

"సరే" అని మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది. సంతోషం పైకి కనపడనివ్వదు కదా. కాజా ఒకటి వంకరగా కుట్టింది, మా అక్క చేతిలో అది నేనెప్పుడూ చూడలేదు.

నీ బావమరిది

*

వసారా నుంచి

ఒరే బావమరిదీ,

గాలి దుమారం. పట్టా ఎగిరిపోయి మేస్త్రీ ఇంటి మీద పడింది. మోటార్ల నిండా దుమ్ము.

సమయం ఇంకా రాలేదా? బస్సు కండక్టరు మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చాడు. రోడ్డు ఎక్కడ తవ్వారని అడిగాను. ఏ రోడ్డు అని నన్నే ఎదురు అడిగాడు. అద్దంలా ఉందట, నిద్రపట్టేంత బాగుందట. నీకు నా కాపురం మీద శ్రద్ధ ఇంతగా ఎందుకు తగ్గిందో తెలియడం లేదు. తెల్ల చొక్కాలకి కాజాలు ఎవరు కుడతారన్నదే నీ బాధ అని చెల్లెమ్మకి రాయమంటావా?

షెడ్డు తలుపు రోజూ తీసి, ఊడ్చి, మళ్ళీ వేస్తున్నాను. ఎవరూ లేని చోటు ఊడ్చడం ఏమిటని మేస్త్రీ నవ్వుతున్నాడు. నేను విత్తనాలు చల్లలేను, చల్లినా చంపుతాను. దాంట్లో ఉండాల్సిన మనిషి అక్కడ నీ బొత్తాలకి కన్నాలు కుడుతోంది.

ఇంతకుముందు నేను చెప్పమన్నానని చెప్పొద్దన్నాను. ఇప్పుడు చెప్పు. రమ్మన్నానని చెప్పు. నేనే అడిగానని చెప్పు.

ఇంకొకటి. మొక్క పూసింది. అది కూడా చెప్పు. పక్క నుంచి ఒక కాడ వచ్చి వంగింది. దానికి గుత్తిగా పూలు, చిన్న చిన్న గంటల్లా, నారింజ రంగు. నా చేత్తో పెంచింది పుయ్యడం ఇదే మొదలు.

మీ బావ

*

కుట్టు దుకాణం నుంచి

బావా,

నిన్న సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. రేకులు చల్లబడ్డాయి. రెండు బళ్ళ చొక్కాలు అప్పగించాం, మూడో బడివి సగం ఉన్నాయి.

నీ ఉత్తరం వచ్చినప్పుడు అక్క ఎదురుగా కాజాలు కుడుతోంది. "ఏం రాశాడు?" అంది. మొదటి కాగితం కింద పెట్టి, పువ్వు సంగతి ఉన్న ముక్క చదివాను. చెడ్డ ముక్క కాదు కదా అని గట్టిగానే చదివాను. పక్క నుంచి కాడ, గుత్తిగా గంటలు, నారింజ రంగు.

అక్క సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మీ చెల్లెలు ఏదో అయిందని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అక్క చెప్పలేక చేత్తో సైగ చేస్తుంది, మళ్ళీ నవ్వుతుంది. నీళ్ళు తాగించాక చెప్పింది.

"జిగురాకు పువ్వు నడిమధ్య నుంచి వస్తుంది. సన్నటి కాడ మీద ఒక్కటే. ఊదా రంగు. వెనక తోకలా ముల్లుంటుంది. జిగురాకు ఎప్పుడూ నేలకి అంటుకునే ఉంటుంది, ఎత్తు పెరగనే పెరగదు. ఆయన పెంచేది జిగురాకు కాదురా. రాళ్ళ సందుల్లో పెరిగే మొండి మొక్క. గోడ మీద పెట్టి మర్చిపోతే హాయిగా బతుకుతుంది."

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"జానెడన్నప్పుడు. నా మొక్క పోయిందేమోనని అంతకుముందే అనుమానం, నువ్వు ఉత్తరం గుడ్డల కింద తోసిన రోజు నుంచి."

"తెలిసీ అడగలేదేం?"

"మీ ఇద్దరిలో ఎవరన్నా చెప్తారేమోనని చూశాను."

నేను చొక్కాల వైపు చూశాను. ఒకటి తీసి మడత పెట్టాను.

"చెంచాతో బ్యాటరీ నీళ్ళు పోస్తున్నాడా ఇంకా?" అని అడిగింది. పోస్తున్నావనే చెప్పాను. మళ్ళీ నవ్వింది గానీ ఈసారి తక్కువ. "మొండిదానికి అన్ని నీళ్ళు పోస్తే మొదలు కుళ్ళుతుంది. ఎండలో పెట్టాల్సినదాన్ని కిటికీలో పెట్టి సాగదీశాడు. చూసేవాళ్ళు లేకపోతే దాన్నీ చంపుతాడు" అంది. లేచి సంచి దులిపింది.

షెడ్డు ఖాళీ అయిన సంగతి నేనింకా చెప్పలేదు. చెప్దామనుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు కొలతలకి వచ్చారు. నిన్న ఎవరూ రాలేదు, అప్పుడూ చెప్పలేదు. "మోటార్ల మధ్య ఎక్కడో ఓ మూల చూసుకుంటాలే" అని తనే అంది. నువ్వు రమ్మన్నావని మాత్రం చెప్పబోయాను. "నేను ఆ మొక్క కోసం వెళ్తున్నాను. ఇంకేం చెప్పకు" అంది.

డాబా మీది నారు మీ చెల్లెలికి అప్పగించింది. ఆవిడ పొద్దున్నించీ నాతో మాట్లాడటం లేదు. మూడో బడి చొక్కాలకి కాజాలు నేనే కుడుతున్నాను.

ఈ ఉత్తరం కన్నా తనే ముందు వస్తుంది.

అక్క ఇవాళ పొద్దున మొదటి బస్సుకి వెళ్ళింది.

నీ బావమరిది